కాబూల్ కథకు నాయకుడెవరు?

1842 జనవరి. జలాలాబాద్ కోట గుమ్మం దగ్గర నలుగురు బ్రిటిష్ సైనికులు బూగిళ్ళు ఊదుతుంటారు. కాబూల్ ఖాళీ చేసి బయల్దేరిన తమ దండు మంచులో, చీకట్లో దారి తప్పకుండా ఆ మోత విని వచ్చి చేరాలని వాళ్ళకు ఉత్తర్వు. దండు రాదు. కాబూల్‌లో దాదాపు 4,500 మంది సైనికులు, వాళ్ళ వెంట 12,000 మంది పరివారం బయల్దేరితే, జనవరి 13న గాయాలతో, గుర్రం మీద ఒరిగిపోతూ జలాలాబాద్ చేరిన ఆంగ్లేయుడు డాక్టర్ విలియం బ్రైడన్ ఒక్కడే. ఎవరూ రారని తెలిశాక కూడా ఆ నలుగురూ బూగిళ్ళు ఊదాల్సిందే.

స్టీఫెన్ జెఫ్రీస్ రాసిన ‘బ్యూగిల్స్ ఎట్ ది గేట్స్ ఆఫ్ జలాలాబాద్’ అనే నాటిక ఇది. లండన్ ఉత్తర భాగంలో, కిల్బర్న్ అనే పేటలో ఉన్న చిన్న నాటకశాల ట్రైసికిల్ థియేటర్ 2009లో ‘ది గ్రేట్ గేమ్: అఫ్గానిస్తాన్’ పేరుతో పన్నెండు నాటికల వరస ప్రదర్శించింది. దాంట్లో ఇది మొదటిది. ఒక దేశం మీద బయటివాళ్ళు పదేపదే వచ్చిపడిన చరిత్రను ఇంత నిడివిలో, ఇంత శ్రద్ధగా రంగస్థలం మీదికి తెచ్చిన ప్రయత్నం ఇంగ్లిష్ నాటకరంగంలో మరొకటి నాకు కనబడలేదు. అందుకే అఫ్గానిస్తాన్ మీద వచ్చిన నాటకాలను తూచి చూడాలంటే దీనితోనే మొదలుపెట్టాలి. కానీ దీనితోనే ఆగిపోతే సగం కథే తెలుస్తుంది. ఈ నాటకాలన్నిటికీ నేను వేసే ప్రశ్న ఒకటే: రంగస్థలం నడిమధ్య ఎవరు నిలబడ్డారు? బయటివాళ్ళు రాసిన నాటకాల్లో ఆ చోటు బయటివాడి అంతరాత్మది. అఫ్గాన్లు తమ కోసం వేసుకున్న నాటకాల్లో బయటివాడు దాదాపు కనిపించడు. ఈ తేడాను పట్టించుకోకుండా జరిగిన చర్చే ఎక్కువ.

ట్రైసికిల్ ఈ పనికి పూనుకోవడం యాదృచ్ఛికం కాదు. దాని కళాదర్శకుడు నికోలస్ కెంట్ అంతకు ముందు పదిహేనేళ్ళుగా విచారణ నాటకాలు వేస్తున్నాడు. కమిషన్ల ముందు, కోర్టుల ముందు సాక్షులు చెప్పిన మాటలను మార్చకుండా, ఎంపిక చేసి కూర్చి, నటుల చేత చెప్పించడం ఆ నాటకాల పద్ధతి. నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్ హత్య మీద జరిగిన విచారణను 1999లో ‘ది కలర్ ఆఫ్ జస్టిస్’గా, గ్వాంటనామో ఖైదీల గోడును 2004లో మరో నాటకంగా వేసింది ఈ థియేటరే. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో అప్పటికే పేరున్న నాటకాలు వచ్చాయి. డేవిడ్ హేర్ ‘స్టఫ్ హ్యాపెన్స్’ 2004లో, స్కాట్లండ్ జాతీయ థియేటర్ ‘బ్లాక్ వాచ్’ 2006లో. అదే కాలంలో హెల్మండ్‌లో బ్రిటిష్ సైనికులు చస్తున్నా అఫ్గాన్ యుద్ధం మీద మాట్లాడే బ్రిటిష్ నాటకం దాదాపు లేదు. బ్రిటిష్ సైన్యం ఆ దేశంలో అడుగుపెట్టడం అది నాలుగోసారి. 1839, 1878, 1919, ఆపైన 2001. మొదటి మూడుసార్లు ఏం జరిగిందో ప్రేక్షకులకు తెలియకుండా నాలుగోదాని గురించి మాట్లాడలేమని కెంట్, సహదర్శకురాలు ఇందు రుబసింగం అనుకున్నారు. పన్నెండుగురు రచయితలకు తలా ఒక ఘట్టం అప్పజెప్పారు.

వరస మూడు భాగాలు. మొదటిది 1842 నుంచి 1930 దాకా, రెండోది 1979 నుంచి 1996 దాకా, మూడోది అక్కడి నుంచి 2009 దాకా. ఒక్కో సాయంత్రం ఒక్కో భాగం చూడొచ్చు. లేదా సెలవు రోజున పొద్దున కూర్చుని రాత్రి లేవొచ్చు. రాత్రంతా సాగే పద్యనాటకాలు చూసినవాళ్ళకు ఈ నిడివి కొత్తేమీ కాదు. లండన్ ప్రేక్షకులకు మాత్రం పెద్ద పరీక్షే.

మొదటి భాగంలో నన్ను ఎక్కువసేపు నిలిపింది రాన్ హచిన్సన్ రాసిన ‘డ్యూరండ్స్ లైన్’. 1893లో బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి సర్ మార్టిమర్ డ్యూరండ్ కాబూల్ వెళ్ళి అమీర్ అబ్దుర్ రహ్మాన్‌తో సరిహద్దు ఒప్పందం మీద సంతకం చేయించిన ఘట్టం. వేదిక మీద పెద్దగా ఏమీ జరగదు. ఇద్దరు తెలివైనవాళ్ళు ఒక పటం మీద వాదించుకుంటారు. పటం మీద గీత పడితే దేశానికి రూపం వస్తుందని నమ్మే దొర ఒకవైపు, ఆ గీతకు అటూ ఇటూ ఒకే తెగ, ఒకే కుటుంబం బతుకుతున్నాయని తెలిసిన అమీరు మరోవైపు. అమీరు అమాయకుడేమీ కాదు. తన దేశంలో తెగలను అణచడానికి ఎంత రక్తం పారించాడో చరిత్రకు తెలుసు. నాటకకర్త ఆ క్రూరత్వాన్ని దాచడు, దొర మర్యాదను మెచ్చుకోడు. ఆ సంతకం విలువేమిటో ప్రేక్షకుడికి ఆ సంభాషణలోనే అర్థమవుతుంది. 1947 తర్వాత కాబూల్‌ను ఏలిన ఏ ప్రభుత్వమూ ఆ గీతను సరిహద్దుగా ఒప్పుకోలేదు. రాజు, కమ్యూనిస్టులు, తాలిబాన్ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు. పాకిస్తాన్‌తో ఇవాళ్టికీ నడుస్తున్న కాల్పులకు మూలం ఆ పటం దగ్గరే ఉంది.

జాయ్ విల్కిన్సన్ నాటిక 1929లో గద్దె దిగి పారిపోతున్న అమానుల్లా రాజును, రాణి సొరాయాను, ఆమె తండ్రి మహమూద్ తర్జీని మంచులో చిక్కుకున్న కారులో కూర్చోబెడుతుంది. 1919లో బ్రిటిష్‌వాళ్ళతో పోరాడి స్వాతంత్ర్యం తెచ్చిన రాజు, ఆడపిల్లలకు బడులు పెట్టిన రాజు, పదేళ్ళకే సొంత జనం చేత తరిమించుకున్నాడు. సంస్కరణ పైనుంచి దిగితే ఏమవుతుందనే ప్రశ్న ఈ మొత్తం వరసలో చాలాసార్లు తిరిగి వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ ప్రశ్న అఫ్గాన్ల మధ్యనే, అఫ్గాన్ల నోటే వినిపిస్తుంది. అయినా ఈ చిన్న నాటికకు ఇవ్వాల్సినంత పేరు రాలేదని నా బాధ.

రెండో భాగం ఈ వరసకు గుండెకాయ. డేవిడ్ ఎడ్గర్ ‘బ్లాక్ ట్యూలిప్స్’ సోవియట్ కాలం గురించి. చనిపోయిన రష్యన్ సైనికులను ఇంటికి మోసుకెళ్ళిన విమానాలకు ఆ సైన్యం పెట్టుకున్న పేరు అది. కొత్తగా దిగిన దళాలకు అధికారులు ఇచ్చే ఉపన్యాసాలే నాటకం. ప్రేక్షకులే ఆ కొత్త సైనికులు. ఎడ్గర్ కాలాన్ని వెనక్కి నడిపిస్తాడు. మొదటి రంగం యుద్ధం చివరిది, అలసట, విసుగు, అబద్ధం కలిసిన గొంతు. రంగం రంగానికీ వెనక్కి పోయేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. చివరికి ఆరంభపు రోజులకు చేరతాం. రోడ్లు వేస్తాం, బడులు కడతాం, ఆడవాళ్ళకు విముక్తి తెస్తాం, త్వరలోనే ఇళ్ళకు వెళ్ళిపోతామని ఒక అధికారి మనస్ఫూర్తిగా చెబుతాడు. 1979 డిసెంబరు ఆఖరులో లోపలికి వచ్చిన ఆ సైన్యం 1989 ఫిబ్రవరి 15న బయటికి వెళ్ళేసరికి దాదాపు 15,000 మందిని పోగొట్టుకుంది. అఫ్గాన్ల ప్రాణనష్టం లక్షల్లో ఉంది. 2009లో ఆ ఉపన్యాసం విన్న లండన్ ప్రేక్షకుడికి తమ ప్రధాని మాటలు గుర్తు రాకపోతే ఆశ్చర్యం. రష్యన్ పేర్లు తీసేసి నాటో పేర్లు పెడితే ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. చరిత్ర పునరావృతమవుతుందని ఎవరైనా వ్యాసంలో రాయొచ్చు. ఆ ఆశను చివరికి పెట్టి, దాని ఫలితాన్ని ముందే చూపించి, ప్రేక్షకుడిని ఆశతోనే బాధపెట్టడం నాటకానికే చేతనవుతుంది.

డేవిడ్ గ్రెగ్ ‘మినీస్కర్ట్స్ ఆఫ్ కాబూల్’ ఈ మొత్తంలో ఉత్తమమైనదని నా అభిప్రాయం. 1992 ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు నజీబుల్లా కాబూల్‌లోని ఐక్యరాజ్యసమితి ఆవరణలో నాలుగేళ్ళకు పైగా తలదాచుకున్నాడు. అతని భార్యాబిడ్డలు ఢిల్లీలో ఉన్నారు. 1996 సెప్టెంబరు 27న తాలిబాన్ నగరంలోకి వచ్చి అతన్ని బయటికి ఈడ్చుకెళ్ళి చంపారు. నాటకంలో ఒక బ్రిటిష్ రచయిత్రి ఆ ఆఖరి గంటల్లో అతన్ని ఇంటర్వ్యూ చేస్తుంటుంది. అయితే ఆమె నిజంగా అక్కడ లేదు, ఇదంతా ఊహించుకుంటోంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. విస్కీ కావాలంటే ఊహించి తెప్పిస్తుంది. రహస్య పోలీసుల అధిపతిగా ఎంతమందిని హింసించావని ఆమె అడుగుతుంది. నన్ను కలవకుండానే నా నోట మాటలు పెట్టే హక్కు నీకెక్కడిదని అతను నిలదీస్తాడు. బయటివాళ్ళు మరొక దేశం గురించి నాటకం రాయడంలో ఉన్న చిక్కునంతా గ్రెగ్ ఈ ఒక్క గదిలో పెట్టేశాడు. నజీబుల్లా ఆ ఆవరణలో ఉన్నప్పుడు పీటర్ హాప్‌కర్క్ రాసిన ‘ది గ్రేట్ గేమ్’ పుస్తకాన్ని పష్తోలోకి అనువదిస్తూ గడిపాడని అప్పటి వార్తాకథనాలు చెప్పాయి. తమ దేశం మీద ఇంగ్లండు, రష్యా ఆడిన ఆటను ఒక ఆంగ్లేయుడు రాస్తే, ఆ ఆటలో ఆఖరి పావుగా మిగిలిన మనిషి దాన్ని తన భాషలోకి తెచ్చుకుంటున్నాడు. ఏ నాటకకర్తా కల్పించలేని సన్నివేశం అది.

జె.టి. రోజర్స్ ‘బ్లడ్ అండ్ గిఫ్ట్స్’ సోవియట్ సైన్యంతో పోరాడిన ముజాహిదీన్లకు డబ్బు, ఆయుధాలు చేరవేసిన సిఐఏ అధికారి కథ. పాకిస్తాన్ గూఢచారి సంస్థ కల్నల్, బ్రిటిష్ గూఢచారి, రష్యన్ గూఢచారి, ఒక అఫ్గాన్ నాయకుడు చుట్టూ ఉంటారు. రచయిత దీన్ని తర్వాత పూర్తి నిడివి నాటకంగా పెంచాడు. 2010లో లండన్ నేషనల్ థియేటర్, 2011లో న్యూయార్క్ లింకన్ సెంటర్ వేశాయి. చురుకైన నాటకం, సంభాషణల్లో పదును ఉంది. అయినా చదివాక మనసులో మిగిలేది అమెరికన్ నెత్తిన పడిన పశ్చాత్తాపమే. 1986 నుంచి అందిన స్టింగర్ క్షిపణులు ఎవరి ఊళ్ళ మీది ఆకాశంలో పేలాయో, ఆ ఊళ్ళవాళ్ళు వేదిక మీద లేరు. కోలిన్ టీవన్ నాటికలో ఐక్యరాజ్యసమితి అధికారిణి, తాలిబాన్ ముల్లా కాబూల్ జంతుప్రదర్శనశాలలో గుడ్డిసింహం మర్జాన్ బోను ముందు వాదించుకుంటారు. ఆలోచన బలమైనదే కానీ సింహం ప్రతీకగా బరువెక్కిపోయి మనుషులు పల్చబడ్డారు.

మూడో భాగాన్ని త్వరగా దాటేయవచ్చు. సమకాలీనమైనదే అన్నిటికన్నా పాతబడింది. బెన్ ఓక్రెంట్ ‘హనీ’ తాలిబాన్‌ను ఎదిరించిన నాయకుడు అహ్మద్ షా మసూద్ హత్య వరకూ నడుస్తుంది. 2001 సెప్టెంబరు 9న విలేకరుల వేషంలో వచ్చిన ఇద్దరు కెమెరాలో బాంబు పేల్చి అతన్ని చంపారు. రిచర్డ్ బీన్ నాటిక సహాయ సంస్థల మంచి ఉద్దేశాలను కడిగేస్తుంది. సైమన్ స్టీఫెన్స్ రాసిన చివరి నాటిక ‘క్యానపీ ఆఫ్ స్టార్స్’లో కజాకీ ఆనకట్ట దగ్గర కాపలా ఉన్న సార్జెంట్ మాంచెస్టర్ ఇంటికి వచ్చి భార్యతో తగవు పడతాడు. ఆ ఆనకట్టను 1950లలో అమెరికా డబ్బుతో కట్టారు. 2008లో వేల మంది సైనికులు, వంద వాహనాలు కలిసి 220 టన్నుల టర్బైన్ విడిభాగాలను ప్రాణాలకు తెగించి అక్కడికి చేర్చారు. ఏళ్ళ తరబడి ఆ పెట్టెలు విప్పనే లేదు. ఆ ఆనకట్టే ఒక నాటకం. స్టీఫెన్స్ దాన్ని వదిలి మాంచెస్టర్ హాలుకు వెళ్ళిపోయాడు. పన్నెండు నాటికలు, ఏడెనిమిది గంటల చరిత్ర చివరికి ఒక బ్రిటిష్ దంపతుల గొడవ దగ్గర ముగియడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఈ వరస ప్రభావం గురించి గొప్పగా చెప్పుకునే సంఘటన ఒకటుంది. 2010లో వాషింగ్టన్, మినియాపొలిస్, బర్క్‌లీ, న్యూయార్క్ నగరాల్లో ఆడాక, 2011 ఫిబ్రవరిలో పెంటగాన్ సిబ్బంది కోసం, మాజీ సైనికుల కోసం దీన్ని వాషింగ్టన్‌లో ప్రత్యేకంగా ప్రదర్శించారు. కాబూల్‌లో నాటో సేనలకు నాయకత్వం వహించిన బ్రిటిష్ జనరల్ డేవిడ్ రిచర్డ్స్, తాను అక్కడికి వెళ్ళక ముందే ఇది చూసి ఉంటే తన పని మరింత బాగా చేసేవాడినన్న అర్థంలో మాట్లాడాడు. ఒక చిన్న నాటకశాలకు ఇది మామూలు గౌరవం కాదు. యుద్ధం చేస్తున్న సైన్యం తన చరిత్రను వేదిక మీద చూసుకోవడానికి రోజంతా కూర్చోవడం కూడా చిన్న విషయం కాదు. అయినా ఆ మెచ్చుకోలు నన్ను కలవరపెడుతుంది. దండు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పక్కకు పోయి, వచ్చిన దండు పని ఎలా మెరుగుపరుచుకోవాలన్న ప్రశ్న మిగిలింది. అప్పుడు ఆ దేశంలో దాదాపు లక్ష మంది అమెరికన్ సైనికులు ఉన్నారు. బయటివాడి అంతరాత్మే నాయకుడైన నాటకం, ఆ అంతరాత్మకు శిక్షణ ఇచ్చే పాఠంగా మారిపోవడానికి ఎంతో దూరం లేదు.

ఈ ప్రమాదాన్ని అందరికన్నా ముందే గుర్తుపట్టినవాడు టోనీ కుష్నర్. అతని ‘హోమ్‌బాడీ/కాబూల్’ 2001 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదలైంది. సెప్టెంబరు 11 దాడులకు ముందే రాసి పెట్టిన నాటకం. మొదటి గంట దాదాపు ఒక్కరే మాట్లాడతారు. లండన్‌లోని తన ఇంట్లో కూర్చున్న ఒక నడివయసు ఇల్లాలు 1965 నాటి కాబూల్ గైడు పుస్తకం చదువుతూ, మధ్యమధ్య తన సంసారం గురించి చెబుతుంది. ఒకసారి ఆమె అఫ్గాన్ టోపీలు కొనడానికి దుకాణానికి వెళుతుంది. దుకాణదారు కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. ఏమైందని అడగలేదు. అడిగినట్టు, తనకు హఠాత్తుగా పష్తో వచ్చేసినట్టు, అతను జవాబు చెప్పినట్టు ఊహించుకుంటుంది. ఆ ఊహలో అతను ఒక్క కారణం చెప్పడు, ఒకదానికొకటి పొసగనివి చాలా చెబుతాడు. ముజాహిదీన్లు నరికారు, రష్యన్లు నరికారు, దొంగతనానికి నరికారు, ఇలా. తన కోరిక కొద్దీ అల్లుకున్న కాబూల్‌కు ఆమె నిజంగానే ప్రయాణం కడుతుంది, 1998లో, అమెరికా ఖోస్త్ మీద క్షిపణులు వేసిన రోజుల్లో. అక్కడ మాయమవుతుంది. ఆమెను వెతుకుతూ వెళ్ళిన భర్త, కూతురికి శవం కూడా దొరకదు. వాళ్ళకు ఎదురైన మహలా అనే అఫ్గాన్ స్త్రీ ఒకప్పుడు లైబ్రేరియన్. తాలిబాన్‌ను పెంచి పోషించినవాళ్ళు ఎవరో ఆమె ఆ అమెరికన్ ప్రేక్షకుల మొహం మీదే చెబుతుంది. కుష్నర్ కూడా బయటివాడి ఊహ గురించే రాశాడు, కానీ ఆ ఊహనే దోషిగా నిలబెట్టాడు. రెండో అంకం నుంచి కథ సాగదీసినట్టు ఉంటుందన్న విమర్శ సరైనదే. మొదటి గంట మాత్రం ఈ అంశం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన అత్యుత్తమ నాటక రచన.

ఇప్పుడు మళ్ళీ జలాలాబాద్ వద్దాం. ఆ దండులో బ్రిటిష్ సైనికులు కొద్దిమందే. మిగిలినవాళ్ళంతా ఈస్టిండియా కంపెనీ జీతం తినే హిందుస్తానీ సిపాయిలు, వంటవాళ్ళు, గుర్రపువాళ్ళు, వాళ్ళ భార్యలు, పిల్లలు. ఖుర్ద్ కాబూల్ కనుమలో గడ్డకట్టి పోయినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. కొందరు బానిసలుగా అమ్ముడుపోయారు. బూగిల్ ఊదే నలుగురిలో వాళ్ళెవరూ లేరు. భారతీయ పాఠకుడిగా ఈ వరస చదువుతుంటే నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన ఖాళీ ఇదే. 1878–80 నాటి రెండో యుద్ధానికి మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలు కూడా వెళ్ళాయి. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ పనిచేసిన పటాలం అది. కాబూల్ మీదికి పోయిన దండులో మనవాళ్ళు ఉన్నారంటే ఈ చరిత్రలో మనం కేవలం ప్రేక్షకులం కాదు. పన్నెండుగురు నాటకకర్తల్లో అఫ్గాన్ రచయిత ఒక్కరూ లేకపోవడం ఇంకా పెద్ద లోటు. అఫ్గాన్ పాత్రలు చాలా ఉన్నాయి, బాగానే మాట్లాడతాయి. కానీ వాళ్ళ మాటలన్నీ విదేశీయుడికి జవాబులే.

తమ కథ తామే చెప్పుకునేవాళ్ళు పరాయివాడిని ఎక్కడ పెడతారో తెలుగువాళ్ళకు బొబ్బిలి కథ నుంచి తెలుసు. 1757 జనవరి 24న కోటను ఫిరంగులతో పగలగొట్టింది ఫ్రెంచి బుస్సీ. బుర్రకథలో, నాటకాల్లో అతనికి ఎంత చోటు దక్కింది? కథంతా తాండ్ర పాపారాయుడిది, రంగారాయుడిది, మల్లమదేవిది, విజయరామరాజు పగది. ఫిరంగులు పరాయివాడివి, కానీ పగలు, పరువులు, చావులు మనవి. చరిత్రకారుడు దీనికి అభ్యంతరం చెప్పొచ్చు, పరాయివాడి పాత్రను తగ్గించారనొచ్చు. అయినా చచ్చినవాళ్ళ తరఫున పాడేవాడికి ఎవరి పేరు ముందు తలవాలో తెలుసు.

అఫ్గాన్ నాటకరంగంలో కూడా ఇదే చూస్తాం. తిరిగే రంగస్థలంతో కాబూల్‌లో కట్టిన జాతీయ నాటకశాల కాబూల్ నందారి 1990ల అంతర్యుద్ధంలో రాకెట్లకు పైకప్పు పోగొట్టుకుంది. తాలిబాన్ కాలంలో నాటకమే నిషిద్ధం. పెషావర్‌కు పారిపోయిన నటులు కొందరు అక్కడే ఎక్సైల్ థియేటర్ పేరుతో కూడారు. తర్వాత న్యూయార్క్ బాండ్ స్ట్రీట్ థియేటర్‌తో కలిసి ‘బియాండ్ ది మిర్రర్’ అనే ప్రదర్శన తయారుచేశారు. మూడు దశాబ్దాల యుద్ధాన్ని ఎక్కువగా శరీరంతో, సంగీతంతో, తక్కువ మాటలతో చెప్పిన ప్రదర్శన. 2005లో కాబూల్‌లో వేశారు. సోవియట్ కాలం, ముజాహిదీన్ కాలం, తాలిబాన్ కాలం వరసగా దాటుతుంటే బాధపడే కుటుంబం మాత్రం అదే ఉంటుంది.

అదే ఏడాది కాబూల్‌లోని బాబర్ తోటలో షేక్స్‌పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ను దారీ భాషలో ఆడారు. దర్శకురాలు కొరిన్ జాబెర్ పారిస్ నుంచి వచ్చిన నటి. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి ఒకే వేదిక మీద ప్రేమ గురించి మాట్లాడటం ఆ నగరంలో అప్పటికి చాలా ఏళ్ళుగా జరగని పని. మూల నాటకంలో రాజు, అతని మిత్రులు రాకుమారిని, ఆమె చెలులను మెప్పించడానికి రష్యన్ల వేషంలో వస్తారు. కాబూల్‌లో ఇది ఎలా చేయాలి? పదేళ్ళ సోవియట్ యుద్ధం చూసిన ప్రేక్షకుల ముందు రష్యన్ వేషం వేస్తే నవ్వు రాదు. నటులు రష్యన్లను తీసేసి హిందుస్తానీలను పెట్టారు. హిందీ సినిమా పాట పెట్టి ఆడారు. తోట తోటంతా నవ్వింది. పరాయి సైన్యం గురించి కాబూల్ రంగస్థలం చేసిన వ్యాఖ్యల్లో ఇంతకన్నా స్పష్టమైనది నాకు తెలియదు. ఆక్రమించినవాడికి హాస్యంలో కూడా చోటు ఇవ్వలేదు.

2012లో లండన్ గ్లోబ్ థియేటర్‌లో ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆడిన రోయ్-ఎ-సబ్జ్ బృందంలో ఈ నటులు కొందరున్నారు. సాధన కాబూల్‌లో జరగాల్సింది. 2011 ఆగస్టు 19న, అంటే బ్రిటిష్‌వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చినట్టు అఫ్గాన్లు జరుపుకునే రోజునే, తాలిబాన్ కాబూల్‌లోని బ్రిటిష్ కౌన్సిల్ మీద దాడి చేశారు. బృందం సాధనకు బెంగళూరు వచ్చింది.

అఫ్గాన్ నాటకం పరాయివాడిని పక్కకు పెట్టడం అతని నేరాన్ని మాఫీ చేయడం కాదు. తమ ఊళ్ళో తమతోనే తిరుగుతున్న నేరస్థుల లెక్క ముందు తేల్చాలన్నది దాని తొందర. 2007లో కాబూల్ పార్లమెంటు యుద్ధనేరాలకు క్షమాభిక్ష పెడుతూ చట్టం చేసింది. నిందితుల్లో చాలామంది అప్పుడు ఆ పార్లమెంటులోనే కూర్చున్నారు. కోర్టు తలుపులు మూసుకున్నాయి. 2009లో ఏర్పడిన అఫ్గాన్ మానవ హక్కుల, ప్రజాస్వామ్య సంస్థ అప్పుడు నాటకాన్ని ఎంచుకుంది. సంక్షిప్తంగా దాన్ని ఆర్డో అంటారు. బాధితుల దగ్గర విన్న కథలను కూర్చి ‘ఇన్ఫినిట్ ఇన్‌కంప్లీట్‌నెస్’ అనే ప్రదర్శన చేసింది. కమ్యూనిస్టు జైళ్ళలో మాయమైన తండ్రి, ముజాహిదీన్ రాకెట్‌కు పోయిన బిడ్డ, తాలిబాన్ కాలం, ఆపైన 2001 తర్వాతి కాలం. ఒక్కో పాలకుడికీ ఒక్కో సాక్షి. ట్రైసికిల్ విచారణ నాటకాలకూ దీనికీ పద్ధతిలో బంధుత్వం ఉంది. కానీ లండన్ నాటకం వెనక నిజంగా జరిగిన విచారణ ఒకటుంది. కాబూల్‌లో నాటకమే విచారణ. ఆ సాక్షులు ప్రదర్శన అయ్యాక అదే వీధిలో, తమవాళ్ళను చంపినవాడి కారు పక్కనుంచి నడిచి ఇంటికి వెళ్ళాలి.

నాటకం వేయడం కాబూల్‌లో ఎంత ప్రమాదమో 2014 డిసెంబరు 11న తెలిసింది. ఇస్తిక్లాల్ ఉన్నత పాఠశాల ఆవరణలోని ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రంలో ‘హార్ట్‌బీట్: సైలెన్స్ ఆఫ్టర్ ది ఎక్స్‌ప్లోజన్’ అనే ప్రదర్శన జరుగుతోంది. ఆత్మాహుతి దాడులను ఖండించే నాటకం. ప్రేక్షకుల మధ్య కూర్చున్న ఒక కుర్రాడు తనను తాను పేల్చుకున్నాడు. కొందరు అది నాటకంలో భాగమే అనుకున్నారు. తాలిబాన్ ఆ దాడి తమదేనన్నారు. జాతీయ సంగీత సంస్థ స్థాపకుడు అహ్మద్ సర్మస్త్ కర్ణభేరులు పగిలి, తలలో పెంకులు గుచ్చుకుని బతికాడు. నాటకానికి సంగీతం సమకూర్చింది ఆయన విద్యార్థులే. తాలిబాన్ మళ్ళీ గద్దెనెక్కిన 2021లో ఆ సంస్థ మొత్తం పోర్చుగల్‌కు తరలిపోయింది.

బయట తలదాచుకున్నవాళ్ళ నాటకం ఇప్పుడు మరో దారి పట్టింది. 2005లో ఫ్రెంచి దర్శకురాలు అరియాన్ మ్నూష్కిన్ బృందం థియాత్ర్ దు సొలెయ్ కాబూల్‌లో నడిపిన శిక్షణ నుంచి పుట్టిన థియేటర్ ఆఫ్తాబ్ నటులు తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడ్డారు. తాలిబాన్ కింద తాము బతికిన రోజుల మీద, పారిస్‌లో కాందిశీకుల రాత్రుల మీద సొంత నాటకాలు కట్టారు. 2021 తర్వాత లియోన్ పక్కన విల్యుర్బాన్ చేరిన అఫ్గాన్ అమ్మాయిల బృందం 2023లో ‘ఆంటిగొనె’ను దారీలో ఆడింది. అన్న శవాన్ని పూడ్చవద్దన్న రాజాజ్ఞను ఆ చెల్లెలు ధిక్కరించిన కథ. ఆ నాటకంలో అమెరికా లేదు, రష్యా లేదు. ఉన్నదల్లా ఊరిని ఏలుతున్నవాడు, అతనికి కాదని చెప్పే ఆడపిల్ల.

ఇన్ని నాటకాలు వచ్చినా, నాకు తెలిసినంతలో ఇంకా ఎవరూ ముట్టని ఘట్టం ఒకటుంది. 2020 ఫిబ్రవరి 29న దోహాలో ఒక హోటల్లో, మజారే షరీఫ్‌లో పుట్టిన అమెరికా ప్రతినిధి జల్మే ఖలీల్జాద్, తాలిబాన్ తరఫున ముల్లా బరాదర్ విదేశీ సేనలు వెళ్ళిపోయే ఒప్పందం మీద సంతకాలు చేశారు. కాబూల్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. 1988లో సోవియట్ సేనలు వెనక్కి వెళ్ళేందుకు జెనీవా ఒప్పందం అయినప్పుడు పోరాడుతున్న ముజాహిదీన్లకు లేనట్టే, 1893లో గీత పడినప్పుడు తెగలకు లేనట్టే. ఆ గదిలో జరిగింది రోజర్స్ లాంటివాళ్ళు రాస్తే బాగానే ఉంటుంది, కానీ మళ్ళీ ఖలీల్జాద్ పశ్చాత్తాపమే నాటకమవుతుంది. గది బయట ఉండిపోయినవాళ్ళు, దాని ఫలితం పద్దెనిమిది నెలల్లో అనుభవించినవాళ్ళు ఇవాళ విల్యుర్బాన్‌లో, లిస్బన్‌లో, టొరంటోలో, ఢిల్లీలో ఉన్నారు. వాళ్ళలో నాటకం రాయగలవాళ్ళున్నారు, ఆడగలవాళ్ళున్నారు. ‘గ్రేట్ గేమ్’ వంటి వరసకు మళ్ళీ ఏ థియేటరైనా పూనుకుంటే, రచయితల జాబితా వాళ్ళ పేర్లతో మొదలుపెట్టాలి. బూగిల్ ఊదేవాడి పక్కన మన సిపాయిని నిలబెట్టే పని మాత్రం మనది.